ఉత్తుత్తి గుండీలు

మా ఆడపడుచుకి పొగరు. ఈ మాట ఆవిడ మొహం మీదే అంటాను, చాటున అనడం నాకు చేతకాదు. వీధి వీధంతా ఆవిడను టైలరమ్మ అని పిలిచేది. ఆవిడ కుట్టిన చొక్కాని తిరగేసి చూస్తే ఏది లోపలో ఏది పైనో తెలిసేది కాదు. కుట్టు కంటికి కనపడిందంటే అది కుట్టే కాదని ఆవిడ లెక్క.

అలాంటి మనిషికి కీళ్లవాతం వచ్చి పడింది. వేళ్లు ఒక్కొక్కటే వంకరపోయాయి. ముందు కత్తెర పట్టు తప్పింది, తర్వాత సూది, ఆఖరికి అన్నం తినే చెంచా. పెళ్లి వద్దనుకున్న మనిషి, మొదటినుంచీ మా ఇంట్లోనే ఉంది. వీధివైపు గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను. కుట్టలేకపోయినా పొద్దున్నే దాని పక్కన కూర్చుంటుంది. పాత ఖాతాదార్లు వచ్చి, ఈ గుడ్డకి ఏ కాలరు బాగుంటుందని అడిగి పోతుంటారు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆవిడ టైలరమ్మే.

ఆ కుర్చీదాకా చేర్చేది మాత్రం నేను. మా ఆయన లారీ డ్రైవరు, ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు. మంచం మీంచి లేపడం, స్నానం, తల దువ్వడం, బట్టలు తొడగడం అన్నీ నా పనే. గుండీలు పెట్టుకోలేని సంగతి నలుగురికీ తెలియడం ఆవిడకి చచ్చేంత చిన్నతనం. అందుకని ఓ ఉపాయం కనిపెట్టింది. చొక్కాకి గుండీలన్నీ పైన ఉత్తుత్తినే కుట్టేయడం, కింద మాత్రం అతుక్కునే వెల్క్రో పట్టీ. చేతులెక్కించి, అంచులు సరిచూసి నేను అతికిస్తే చాలు, చూసేవాళ్లకి నిండుగా గుండీలు పెట్టుకున్న చొక్కాయే.

ఉపాయం ఆవిడది, కుట్టడం నాది. పక్కన కూర్చుని ప్రాణం తీసింది.

"వదినా, అది కుట్టా, కోడి కెలికిన పెంటా? విప్పెయ్."

"ఏడిశావ్! నువ్వే కుట్టుకో అయితే," అని విసిరికొట్టాను. మళ్లీ నేనే తీసి కుట్టాను. ఏం చేస్తాను?

ఒకరోజు స్నానాల పీట మీంచి ఆవిడని లేపబోతే నా నడుములో ఏదో కలుక్కుమంది. అక్కడే గోడ పట్టుకుని కూలబడ్డాను. ఇంకోసారి బరువెత్తితే నాకే ఓ మనిషి కావాల్సి వస్తుందన్నాడు డాక్టరు. అప్పటికి ఆవిడకి సర్కారిచ్చే వికలాంగుల సాయం చిన్న తరగతిలో, అంటే కొద్దిపాటి డబ్బుగా, వస్తోంది. పెద్ద తరగతిలో వేస్తే పొద్దునా సాయంత్రం ఒక సహాయకురాలిని పంపిస్తారు. అది రాకపోతే ఇక మిగిలింది ఊరి చివర ప్రభుత్వ ఆశ్రమం. వెళ్లి చూసొచ్చాం. వరసగా మంచాలు, మంచానికో చిన్న బీరువా. మిషను పెట్టుకోవచ్చా అని అడిగింది మా ఆడపడుచు. అలాంటివి కుదరవన్నారు. ఇంటికొచ్చాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది, అన్నానికి పిలిచినా లేవలేదు.

పెద్ద తరగతికి దరఖాస్తు పెట్టాం. ఆఫీసు నుంచి పరిశీలనకి ఒక అమ్మాయి వచ్చింది, చాలా మర్యాదస్తురాలు. ఆ అమ్మాయి రాకముందే మా టైలరమ్మ నా చేత మంచి చొక్కా తొడిగించుకుని, తల నున్నగా దువ్వించుకుని, మిషను పక్కన దొరసానిలా కూర్చుంది.

"బట్టలు వేసుకోవడం కష్టంగా ఉంటుందాండీ?" అని అడిగిందా అమ్మాయి.

"ఏదో, అలా వేసుకుంటానమ్మా."

"గుండీలూ?"

"చూస్తున్నావుగా." పైగా, "నీ కాలరు ఒకవైపు పొట్టిగా ఉంది, ఎవరమ్మా కుట్టింది?" అని ఎదురు ప్రశ్న.

నేను గుమ్మంలోంచి నోరు తెరిచాను. గుడ్లురిమి చూసి, "వదినా, అమ్మాయికి టీ పెట్టు," అంది. నేను టీ పెట్టుకొచ్చేసరికి ఆ అమ్మాయి కాగితాలు సర్దేసుకుంటోంది.

తర్వాత ఉత్తరం వచ్చింది. దుస్తులు స్వయంగా ధరించగలరు, గుండీలు పెట్టుకోగలరు, కనుక చిన్న తరగతే ఖాయం అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడగకపోగా, ఉన్నదాన్ని చక్కగా కప్పెట్టి చూపించావు! ఇప్పుడు పో, ఆశ్రమంలో కాలర్లు చూసుకుందువుగాని!"

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుంది. "ఆ పిల్ల ముందు నా వల్ల కాలేదు వదినా," అంది. అంత నెమ్మదిగా మాట్లాడటం ఎన్నడూ వినలేదు. అంత మాట అన్నందుకు నాకూ ఏడుపొచ్చింది.

మళ్లీ చూడమని అర్జీ పెడితే, పరిశీలనలో తప్పేమీ లేదని జవాబొచ్చింది. నిజమే, ఆ అమ్మాయి కళ్లకి కనపడిందే రాసింది. ఆఖరికి అప్పీలుకి వెళ్లాం. విచారణ రోజున పాత నైటీలో, జుట్టు దువ్వుకోకుండా రమ్మని బతిమాలాను.

"అడుక్కోడానికా పోతున్నాం? మంచి చొక్కా తియ్యి."

"నీకో దణ్ణం," అని నీలం చొక్కా తొడిగాను.

చిన్న గది, పొడుగాటి బల్ల. అవతల ముగ్గురు. మధ్యలో ఉన్న పెద్దావిడ అధ్యక్షురాలు, ఆవిడ పక్కన ఒక డాక్టరు, ఇంకో ఆయన రాసుకోవడానికి. పెద్దావిడ పరిశీలన కాగితం చదివి, కళ్లద్దాల మీంచి మా ఆడపడుచు చొక్కా వైపు చూసింది.

"ఇందులో రాసింది తప్పంటున్నారు. మరి ఇవాళ కూడా గుండీలన్నీ పెట్టుకునే వచ్చారు కదమ్మా?"

నేను లేవబోయాను.

"నువ్వాగు వదినా," అంది. తల వంచుకుని చాలాసేపు తన చేతులు చూసుకుంది. ఇక అయిపోయింది, ఈ మనిషి చెప్పదు అనుకున్నాను. అప్పుడు రెండు మణికట్లూ చొక్కా అంచు కింద దూర్చి ఒక్క లాగు లాగింది. చర్రుమని చొక్కా చాతీ మీంచి పొట్టదాకా విచ్చుకుంది. లోపలి బనీను బయటపడింది. గుండీలు మాత్రం ఒక్కటీ ఊడలేదు, ఎక్కడివక్కడే మెరుస్తున్నాయి. రాసుకునే ఆయన కలం ఆపేశాడు.

"ఇవి ఉత్తుత్తి గుండీలండీ. ఎవరికీ తెలియకూడదని."

"మళ్లీ మూసుకోగలరా?" అని అడిగాడు డాక్టరు, మెల్లగా.

ప్రయత్నించింది. మణికట్లతో అంచులు దగ్గరికి తెచ్చింది. ఒకటి అతుక్కుంటే ఇంకోటి జారిపోయింది. మళ్లీ తెచ్చింది. పట్టీ అడ్డదిడ్డంగా అతుక్కుని, చొక్కా ఒక భుజం మీదికి ఎక్కిపోయింది. అంతమంది ముందు, జన్మంతా వంకర కాలరు సహించని మనిషి, అలా వంకర చొక్కాతోనే కూర్చుంది. నా చేతులు లాగేస్తున్నాయి, వెళ్లి సరిచెయ్యడానికి. పళ్లు బిగించుకుని కూర్చున్నాను.

డాక్టరు బల్ల చుట్టూ తిరిగొచ్చి, చూడొచ్చా అని అడిగి, పట్టీ అంచు వేలితో తడిమాడు. "కుట్టు ఎక్కడా కనపడటం లేదే. ఎవరు కుట్టారు?"

"మా వదిన. నాకు చేతులు పోయినప్పటినుంచీ ఆవిడ చేతులే నా చేతులండీ. ఇప్పుడు ఆవిడ నడుమూ పోయింది. ఇంకా ఆవిణ్ణే వాడుకోమంటే నేను వాడుకోను. ఆశ్రమానికి పొమ్మంటే పోతాను. కానీ నాకు మా ఇంట్లో ఉండాలనుంది."

అన్నాళ్లలో నా కుట్టుని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు. పొగిడే చోటు చూడండి! నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పెద్దావిడ మాత్రం, "ఇప్పుడు సరిచెయ్యండమ్మా," అంది నాతో. వెళ్లి సరిచేశాను. తిరిగి వచ్చేటప్పుడు మా ఆడపడుచు, "ఎడమవైపు ఓ కుట్టు దాటిపోయింది, ఆ డాక్టరు చూళ్లేదు," అంది. తిట్టలేకపోయాను.

పెద్ద తరగతి మంజూరైంది.

సహాయకురాలు వచ్చిన మొదటి రోజు నేను వంటింట్లో కూర్చున్నాను. అలవాటుకొద్దీ చెవులన్నీ ఆ గదిలోనే. చొక్కా మార్చబోయి ఆ మనిషి గుండీలతో కుస్తీ పడుతున్నట్టుంది, "ఇవి రావడం లేదేంటమ్మా?" అంటోంది.

ఏం చెప్తుందోనని ఊపిరి బిగబట్టాను.

"అవి ఉత్తుత్తివమ్మా. నా వేళ్లు పనిచెయ్యవు. పట్టుకుని లాగు," అంది మా టైలరమ్మ.

చర్రుమంది. నేను లేవలేదు.