ఇక్కడ అంటే ఎక్కడ

మా వదిన గీసిన పాత చీర అంచుల బొమ్మలన్నీ ఆమే కంప్యూటర్లోంచి తీసేయించిందని చీరాలలో మా వీధివాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. అది నిజం కాదు. నిజమేమిటో నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. చెప్పినప్పుడు అందరూ తల ఊపారు. కొన్నాళ్ళకే పాత మాట మళ్ళీ నా చెవిన పడింది. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను.

మాది నేత కుటుంబం. అన్నయ్య ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు. నేను గుంటూరులో కొన్నాళ్ళు కంప్యూటర్లు బాగుచేసే పని చేశాను. ఆ పనిలో ఉండగానే ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకుని, తిరిగొచ్చి ఇంటి ముందు గదిలో డిజైన్ల షాపు పెట్టాను. అంచు మీద రావలసిన హంసనో మామిడి పిందెనో ముందు కంప్యూటర్లో గళ్ళు నింపుతూ గీయాలి. ఆ గళ్ళను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. మగ్గం మీద ఏ దారం లేవాలో ఏది ఆగాలో ఆ చిల్లులే చెబుతాయి. మా షాపులో గీసేది వదిన. మిషను చూసుకునేది నేను.

వదినకి పాత అంచుల పిచ్చి. ఎవరింట్లో ముసలమ్మ పెళ్ళినాటి చీర ఉందని తెలిసినా వెళ్ళేది. కొందరు చీరని గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ మంచం మీదే కూర్చుని, భూతద్దం పెట్టి దారం దారం చూసుకుని, కాగితం మీద గుర్తులు వేసుకుని వచ్చి కంప్యూటర్లో గీసేది. కాగితాలు ఆ పూటే చించేసేది. వాళ్ళందరికీ ఆమె ఒకే మాట ఇచ్చింది: "చీర చిరిగిపోయినా అంచు పోదు. నా దగ్గరుంటుంది." ఆ మాట నమ్మే పెట్టెలు తెరిచారు. ఆ బొమ్మలకు ఇంకో కాపీ తీసి దాచే పని నాది. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ ఉండిపోయాను.

కంప్యూటర్లో మేమిద్దరం రెండు దారుల్లో పనిచేసేవాళ్ళం. ఆమెది ఫైల్ మేనేజర్, అంటే ఫోల్డర్లన్నీ బొమ్మలుగా కనబడే కిటికీ. మౌస్‌తో నొక్కుకుంటూ వెళ్ళేది. నాది టెర్మినల్, నల్లటి కిటికీ. అందులో బొమ్మలుండవు. కమాండ్ టైపు చేసి ఎంటర్ కొడితే పని అయిపోతుంది. ఆమె మౌస్ పట్టుకుని ఫైళ్ళు ఒక్కొక్కటే జరుపుతుంటే నేను వెక్కిరించేవాణ్ణి. నీది బావిలో చేద అని ఆమె నన్ను తిరిగి అనేది. ఏం తోడుతున్నావో పైకొచ్చేదాకా నీకే తెలియదని.

డిస్కు నిండిపోయి మిషను మొరాయించిన రోజున ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. తెర మీద ఎడమవైపు ఆమె కిటికీ, కుడివైపు నాది. ఆమె చిత్తు బొమ్మల ఫోల్డర్ తెరిచి పెట్టింది. అంతకు ముందే నేను ఏదో పనిమీద అంచుల ఫోల్డర్లోకి వెళ్ళి ఉన్నాను. నా నల్ల కిటికీ అక్కడే నిలబడి ఉంది. ఆ సంగతి మర్చిపోయాను.

"వదినా, ఇక్కడున్నవి తీసేయొచ్చా?" అన్నాను.

ఆమె తన కిటికీ వైపు చూసి, "ఇక్కడున్నవన్నీ చిత్తువే. తీసెయ్," అంది.

కమాండ్ కొట్టాను. టెర్మినల్లో తీసేసినవి చెత్తబుట్టలోకి వెళ్ళవు. పోతాయి, అంతే. ఆమె 'ఇక్కడ' ఒక చోటు, నా 'ఇక్కడ' ఇంకో చోటు. తెర మీద రెంటికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

ఆ సాయంత్రమే అంచులు లేవని బయటపడింది. పోయినవాటిని వెనక్కి తెచ్చే ప్రోగ్రాములు ఏవేవో నడిపాను. వచ్చినవి కొన్ని తునకలు, పనికిరానివి. ఆ హడావుడిలోనే నల్ల కిటికీని పైకి జరిపి చూశాను. నేను కొట్టిన కమాండ్‌కు ముందు, అదే వరసలో, అంచుల ఫోల్డర్ పేరు తెల్లటి అక్షరాలతో ఉంది. ఒకసారి చదివి కిటికీ మూసేశాను.

మర్నాడు అట్టల కోసం వచ్చిన నేతగాళ్ళు అడిగితే, "వదిన తీసెయ్యమంది, తీసేశాను," అన్నాను. అందులో ప్రతి మాటా జరిగిందే. ఏ అబద్ధమైనా చెప్పి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. ఇది నిజమే కాబట్టి ఎవరూ పట్టుకోలేకపోయారు. వదిన కూడా. తనే చూడకుండా చెప్పిందేమో, ఒక ఫోల్డర్ అనుకుని ఇంకొకటి చూపించిందేమోనని ఆమే అనుకుంది. నేను అనుకోనిచ్చాను.

చీరలు ఇచ్చిన ఇళ్ళన్నిటికీ ఆమె వెళ్ళి తన పొరపాటేనని చెప్పుకుంది. పక్క వీధి మామ్మగారింట్లో గట్టి దెబ్బ తగిలింది. అంచు నీ దగ్గర భద్రంగా ఉందన్నావుగా అని, ఆ చీరను ముక్కలు చేసి దిండు గలీబులు కుట్టించేసుకున్నానని ఆవిడ చెప్పింది. ఆ తర్వాత వదిన ఎక్కడికి వెళ్ళినా పెట్టె తాళం కనబడలేదనేవాళ్ళు. మిరపకాయ కోతలకి తమ్ముడికి సాయం వెళ్తున్నానని ఆమె ప్రత్తిపాడు పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎన్నడూ కోతలకి వెళ్ళని మనిషి.

అప్పుడు పట్టుబట్టి ఒక పని మొదలుపెట్టాను. టెర్మినల్‌ను ఫైల్ మేనేజర్ లోపలే అమర్చాలని. పైన ఫోల్డర్ బొమ్మలు, అదే కిటికీలో అడుగున నల్ల పలక. పైన ఎక్కడుంటే కింద కూడా అక్కడే ఉండాలి. అలాంటివి లోకంలో ఇంతకు ముందే ఉన్నాయి. మేం వాడే ఫైల్ మేనేజర్‌లో లేదు. దాని ప్రోగ్రాం ఎవరైనా చదివి మార్చుకోగలిగేది కాబట్టి, మార్చుకుందామని కూర్చున్నాను.

పలకను అడుగున అతికించడం తేలిగ్గానే అయింది. అయితే పైన ఏ ఫోల్డర్ నొక్కినా కింది పలక మాత్రం మొదట తెరిచిన చోటే ఉండిపోయింది. ఇది మునుపటి కంటే ప్రమాదం. వేరు కిటికీలైతే వేరని కనబడుతుంది. ఒకే కిటికీలో ఉంటే కలిసే ఉన్నాయని నమ్మేస్తాం. పైన ఫోల్డర్ మారగానే కింద కూడా ఆ ఫోల్డర్లోకి వెళ్ళే కమాండ్ దానంతటదే టైపు అయ్యేలా చేశాను. వదిన పెట్టిన పేర్ల దగ్గర అదీ తప్పింది. 'పాత అంచులు' అనే ఫోల్డర్‌ను నొక్కితే, మాటల మధ్య ఖాళీ చూసి, 'పాత' అనే ఫోల్డర్ ఎక్కడా లేదని మొండికేసింది. దాన్నీ సరిచేశాను. తర్వాత పలకలో వేరే పని నడుస్తుండగా పైన ఫోల్డర్ మారిస్తే, ఈ కమాండ్ అక్షరాలు వెళ్ళి ఆ పని మధ్యలో పడ్డాయి. ఒకటి కుదురుస్తే ఇంకొకటి లేచేది. నేను లేవలేదు.

అన్నయ్య మగ్గం దిగి మంచినీళ్ళకి వచ్చినప్పుడల్లా ఒక చూపు చూసి వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం నిలబడి, ఏమిటది, ఎందుకది అని అడిగాడు. ఉత్సాహంగా చెప్పాను. రెండు కిటికీలు రెండు చోట్ల ఉంటే మనిషి ఒకటి చూస్తూ ఇంకోచోట కమాండ్ కొట్టే ప్రమాదం ఉందని, ఇది పెడితే ఇక అలా జరగదని.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు.

"అంటే ఆ రోజు మీ వదిన చూపించింది సరైనదే," అన్నాడు.

ఆ పలక ఎందుకో ఎవరికి చెప్పబోయినా నా తప్పు చెప్పకుండా చెప్పలేనని అప్పుడు తెలిసింది.

"ఏరా, ఇది ఆమెకి చెప్పటానికి కడుతున్నావా, చెప్పకుండా తప్పించుకోటానికి కడుతున్నావా?"

ఆ మాట అని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. నేత చప్పుడు మాత్రం చాలాసేపు వినబడలేదు.

మర్నాడు బస్సెక్కాను. ప్రత్తిపాడులో దిగి ఊరు దాటాక కల్లాల నిండా మిరపకాయ ఆరబోసి ఉంది. వదిన, ఇంకొందరు ఆడవాళ్ళు కూర్చుని రంగు మారిన తాలుకాయలు ఏరి వేరే కుప్ప పోస్తున్నారు. తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్న ఆమెను మొదట గుర్తుపట్టలేదు.

"ఏమయ్యా మరిదీ, ఇంతదూరం వచ్చావు. మీ అన్న వంట తినలేకపోతున్నావా?" అంది.

చాటుకు పిలిచి చెప్పాలనుకున్నాను. పిలిస్తే రాలేదు, ఇక్కడే చెప్పమంది. ఆ 'ఇక్కడ' వినగానే ఆమె ఎదుటే గొంతుక్కూర్చున్నాను. మిరపకాయ ఘాటు ముక్కులోకెక్కి తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముతూనే చెప్పాను: నల్ల కిటికీ అంచుల ఫోల్డర్లో ఉండిపోవడం, ఆ వరస నేను చూడటం, చూసి మూసేయడం. చెప్పేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఆ నీళ్ళు తుడుచుకో. కల్లంలోకొస్తే ఎవరికైనా వస్తాయి. వాటికి నా దగ్గర లెక్క లేదు," అంది.

చేతిలో కాయను చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

"ఇది తాలా, మంచిదా? చెప్పు."

మంచిదేనన్నాను.

"నాకూ తెలుసు మంచిదేనని. అయినా రెండుసార్లు చూసుకుంటన్నా. ప్రతి కాయా. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేకుండా చేశావు కదయ్యా."

పక్కనున్న ఆడవాళ్ళు ఏరడం ఆపేశారు. క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నాతో చెప్పటం తేలిక, వదినని కాబట్టి వింటాను. ఎవరి పెట్టెలకి తాళాలు పడ్డాయో వాళ్ళతో చెప్పు, మామ్మగారితో మొదలుపెట్టు," అంది. తను వచ్చేదీ రానిదీ ఆ తర్వాత చూస్తానంది.

మామ్మగారింటికి అట్నుంచి అటే వెళ్ళాను. ఆవిడ పూర్తిగా విని, నన్ను కూర్చోమనలేదు. "ఆ పిల్ల మా ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చిందయ్యా. నువ్వు అప్పుడెక్కడున్నావు?" అంది. షాపులోనే ఉన్నానన్నాను. తక్కిన ఇళ్ళలో ఒకరు నవ్వారు, ఒకరు తలుపు దగ్గరే విని పంపేశారు. అయిన తప్పేదో అయిపోయింది, ఇప్పుడెందుకని సర్దిచెప్పినవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరే నాకు ఎక్కువ కష్టమైంది. వాళ్ళకి ఎవరి తప్పైనా ఒకటే. వదినకి ఒకటి కాదు. అందుకని వాళ్ళకి రెండోసారీ చెప్పాను.

కోతలు ముగిశాక వదిన తిరిగొచ్చింది. నాతో మాట్లాడకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, నేను కట్టిన పలకను పరీక్షించింది. ఒక ఫోల్డర్ నొక్కింది, పలక వెంట వచ్చింది. ఇంకొకటి నొక్కింది, వచ్చింది. నేను లోపల పొంగిపోతున్నాను. అప్పుడామె ఎలా కొట్టాలో నన్నడిగి, పలకలో తీసేసే కమాండ్ సగం టైపు చేసి, అలాగే వదిలేసి, పైన వేరే ఫోల్డర్ నొక్కింది. సగం కమాండ్‌కు నా ప్రోగ్రాం తన కమాండ్‌ను అతికించేసింది. వరసంతా కలగాపులగమైంది.

"ఇదేంటయ్యా, నా నోట్లో మాట ఉండగానే దీనికేం తొందర?" అంది. తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వు కట్టిందేగా," అంది.

మళ్ళీ కూర్చున్నాను. పలకలో మాట సగంలో ఉన్నా, పని నడుస్తున్నా, అది కదలకుండా ఉన్నచోటే ఉండాలి. అలా పైనా కిందా చోట్లు వేరైనప్పుడు రెంటికీ మధ్య ఒక పట్టీ ఎర్రబడాలి. పలక నిజంగా ఏ ఫోల్డర్లో ఉందో ఆ పట్టీ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో కనబడాలి. రెండూ ఒకటైతే పట్టీ మామూలు రంగుకి రావాలి. ఆ పట్టీ వదిన పెట్టిన షరతు. ఇంకో షరతు కూడా పెట్టింది. షాపులో 'ఇక్కడ' అనే మాట వినబడకూడదు. ఫోల్డర్ పేరు పలకాలి. అన్నయ్య లోపల్నుంచి భోజనానికి ఇక్కడికి రమ్మని పిలిస్తే, "ఇక్కడంటే ఎక్కడ?" అని ఇద్దరం ఒకేసారి అరిచిన రోజున ఆమె ముఖంలో నవ్వు చూశాను. వెంటనే దాచేసుకుంది. రెండో డిస్కులోకి కాపీలు ఇప్పుడు ప్రతి సాయంత్రం ఆమె చూస్తుండగా తీస్తున్నాను.

అంచులు మళ్ళీ గీయాలంటే పెట్టెలు మళ్ళీ తెరుచుకోవాలి. మొదట మామ్మగారింటికే వెళ్దామంది వదిన. నన్నూ రమ్మంది. మామ్మగారు తలుపు తీసి, ఇద్దర్నీ కాసేపు చూసి, వదిన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గలీబులు నాలుగూ అప్పటికే దిళ్ళ నుంచి ఊడదీసి, ఉతికి, మడత పెట్టి మంచం మీద ఉంచింది. ఒక్కోదాని మీద అంచు ముక్క అడ్డంగా ఉంది. హంస తల ఒకదాని మీద, తోక ఇంకోదాని మీద. మధ్యలో కొంత కత్తిరింపుల్లో పోయింది. దాన్ని వదిన ఊహించుకోవలసిందే.

భూతద్దం సంచి నా చేతిలో ఉంది. ఇద్దామని గడప మీద కాలు పెట్టాను.

"అది ఆ పిల్లకిచ్చి, నువ్వు అక్కడే ఉండవయ్యా," అంది మామ్మగారు.

సంచి అందించాను. ఆ అక్కడ ఏదో నాకు స్పష్టంగా తెలుసు. గడప ఇవతల, చెప్పుల పక్కన. వదిన లోపల మంచం మీద వంగి దారాలు లెక్కపెట్టుకుంటుంటే, ఆ పూటంతా అక్కడే నిలబడ్డాను.