ఎదురుగాలి, చెవుల్లో పత్తి

నవంబరు మొదట్లో లడఖ్‌లోని ఆ బేస్‌కు చేరాను. ఉదయం పది దాటింది. ట్రక్కు దిగగానే వాంతి అయింది. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చెట్టు లేదు, గడ్డి లేదు. బూడిద రంగు మైదానం, అటూ ఇటూ కొండలు, మధ్యలో ఒకటే రోడ్డు. నాకు ఇచ్చినవి స్లీపింగ్ బ్యాగు, రెండు జతల గ్లవ్స్, హెల్మెట్, మూడువందల యాభై సీసీ బండి. నా పని డిస్పాచ్ రైడర్. రేడియోలో చెప్పకూడని సంగతులు సీలు వేసిన కవర్లలో పెట్టి ఇస్తారు. ముప్పై ఒక్క కిలోమీటర్ల అవతల ఉన్న ముందు పోస్టుకు వాటిని బండి మీద చేర్చాలి.

ఈమధ్య నరసరావుపేట నుంచి బండ్ల మీద లడఖ్ వెళ్ళాలనుకునేవాళ్ళు నా దగ్గరకు వస్తున్నారు. "అన్నా, ఎదురుగాలికి హెల్మెట్ చానా ఊగుతంది, ఏం జెయ్యాల?" అని అడుగుతున్నారు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. అది చేసుకునే నేను ఒక మనిషి చేతి వేళ్ళు పోగొట్టాను. ఆ సంగతి ఆ మనిషికే చాలా కాలం చెప్పలేదు. అందుకే ఇక్కడ సలహా ఒక్కటే రాసి వదలలేను, మొత్తం చెబుతాను.

అక్కడ గాలి మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తుంది. మా కవర్లు ఒంటిగంటకు తయారవుతాయి. రోజూ గాలికి ఎదురు వెళ్ళడమే. నలభైలో నడిపినా తల ఎవరో రెండు చేతులతో పట్టి కుదిపినట్టు ఉంటుంది. రోడ్డు రెండుగా కనిపిస్తుంది. దిగాక గంటసేపు చెవుల్లో హోరు. మొదటి వారం రాత్రి భోజనం దగ్గర ఎవరు ఏమన్నా "ఆఁ?" అనడమే నా పని. నాకు చెముడు వచ్చిందని మా వంటశాల లంగరులో వంటవాడు ప్రచారం చేశాడు.

వర్క్‌షాప్ హవల్దారు పాత అక్రిలిక్ రేకు ఒకటి సంపాదించి విండ్‌షీల్డ్ కోశాడు. రేకు ఒక్కటే, వెళ్ళే బండ్లు రెండు, కాబట్టి ముందు నడిచే నా బండికే బిగించాడు. గాలి ఆగకపోగా తల ఇంకా ఎక్కువ ఊగింది. షీల్డ్ అంచు మీదుగా దూకిన గాలి సుడి తిరిగి సరిగ్గా హెల్మెట్‌కే తగులుతోంది. హవల్దారు తిట్టుకోలేదు. షీల్డ్ మీద దారప్పోగులు అంటించి, నన్ను నడపమని, పక్కన జీపులో వస్తూ అవి ఎటు ఎగురుతున్నాయో చూశాడు. తిరిగొచ్చి పై అంచు నాలుగు వేళ్ళు కోసేశాడు. కింద, హెడ్‌లైటుకూ షీల్డ్‌కూ మధ్య సందు వదిలాడు. "కింద నుంచి కొంచెం గాలి రానీ. పూర్తిగా మూస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి గాలి నీ తల మీదుగా దూకుతుంది" అని హిందీలో చెప్పాడు. జాకెట్టు మెడ దగ్గర బిగించమన్నాడు. సంచీని వీపు మీద నుంచి తీసి సీటు మీద కట్టమన్నాడు. ఊపు సగానికి సగం తగ్గింది.

హోరు మాత్రం తగ్గలేదు. దానికి నా మందు నా దగ్గరే ఉంది. మాది దాచేపల్లి పక్కన. మా నాయన ఇరవై ఏళ్ళు రాళ్ళ క్రషర్‌లో చేశాడు. ఆ మోతకు మా ఊరివాళ్ళు చెవుల్లో పత్తి కుక్కుకుంటారు. సొంత చేలో పత్తి, గింజ తీసి, వేళ్ళ మధ్య నలిపి, కొంచెం నూనె అద్ది పెడతారు. నేను బయలుదేరేటప్పుడు నాయన గుప్పెడు పత్తి సంచీలో పెట్టాడు. "ఆడ మోతగా ఉంటదేమో, పెట్టుకో" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఇక రెండో బండి. మా దగ్గర ఒక్కడే వెళ్ళకూడదు, రెండు బండ్లు వెళ్ళాలి. రెండో బండి నడిపేవాడు కృష్ణకు అవతలి ఒడ్డువాడు, మిర్యాలగూడ వైపు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. వంతెన దాటితే వాళ్ళ ఊరు, దాటకపోతే మా ఊరు. అక్కడ మాకు దొరికిన తెలుగు అదొక్కటే.

"అన్నా, మీ మాచర్ల ఎండ ఒక బస్తా తెచ్చుంటే బాగుండు గదా" అనేవాడు.

"ఒరేయ్, మీ పక్క ఏవన్నా చల్లగా ఉంటదా ఏంది?" అనేవాణ్ణి.

మాకు ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా అతను రెండుసార్లు హారన్ కొడతాడు. నేను చెయ్యి ఎత్తుతాను. హారన్ వినపడకపోతే నేను ఆగాలి. ఎదురుగాలిలో కూడా ఆ హారన్ సన్నగా వినపడేది. అతనే అన్నాడు: "నీ చెయ్యి లేవకుంటే నేను ఆగుత. నా హారన్ రాకుంటే నువ్వాగు. అంతే అన్నా."

పత్తి మొదట ఎడమ చెవిలోనే పెట్టుకున్నాను. కుడి చెవికి హారన్ వినపడేది. నవంబరు చివర్లో ఒకరోజు గాలి మరీ ఎక్కువగా ఉంది. ఉష్ణోగ్రత మైనస్ పదకొండు. ఒంటిగంట పది నిమిషాలకు బయలుదేరేముందు రెండో చెవిలోనూ పత్తి పెట్టాను. వెనకబండి అద్దంలో కనపడుతుందిలే అనుకున్నాను. అద్దం గాలికి అదిరింది, దాని మీద దుమ్ము పట్టింది. నేను మాత్రం ప్రతి రాయి దగ్గరా అలవాటుగా చెయ్యి ఎత్తుతూ పోయాను. తల ఊగడం లేదు, హోరు లేదు. వచ్చిన దగ్గర్నుంచి అంత సుఖంగా ఎప్పుడూ నడపలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకటీ యాభై ఎనిమిదికి పోస్టు. రేడియో ఆపరేటరు బంకర్ నుంచి బయటికి వచ్చాడు. నోరు కదులుతోంది, మాట వినపడలేదు. హెల్మెట్ తీసి, చెవుల్లోంచి పత్తి తీశాను.

"దూస్రా గాడీ కహాఁ హై?"

రెండో బండి ఏదీ అంటున్నాడు. వెనక్కి చూశాను. రోడ్డు ఖాళీ. పత్తిని జేబులో పెట్టుకున్నాను. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు, పత్తిని గమనించలేదు.

జీపులో వెనక్కి వెళ్ళాం. పదిహేడో రాయి దాటాక నల్లటి మంచు పొర ఉంది. నేను దాని మీదుగానే వెళ్ళాను, నాకు ఏమీ కాలేదు. అతని బండి కుడివైపు పడింది. కుడి కాలు బండి కింద. అప్పుడు రెండున్నర. లెక్కన యాభై నాలుగు నిమిషాలు అలా పడి ఉన్నాడు. ప్రాణం దక్కింది, కాలు దక్కింది. ఎడమ చేతి బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు తీసేశారు.

విచారణ జరిగింది. ఆసుపత్రి మంచం మీద నుంచి అతనే నా తరఫున చెప్పాడు: "గాలి ఎదురుంది సార్. హారన్ వెనక్కే కొట్టుకపోతది. అన్నకెట్ల వినపడ్తది?" అధికారి రాసుకున్నాడు. నేను సంతకం పెట్టాను. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, తర్వాత కూడా రాలేదు. అన్నం తిన్నాను, పడుకున్నాను, మర్నాడు ఒంటిగంటకు వేరే రైడరుతో బయలుదేరాను. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు.

సర్వీసు ముగించి ఇంటికి వచ్చాను. సిమెంటు లారీల వెనక, తెల్లదుమ్ములో, బస్సు దాచేపల్లిలో దించింది. పది రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పదకొండో రోజు పొద్దున, వసారాలో కూర్చుని నాయనకు మొత్తం చెప్పాను.

"పత్తి పెట్టుకున్నోడివి, ఎనక్కి తిరిగి చూళ్ళేదా?"

"లేదు నాయనా."

"క్రషర్ కాడ చెవులు మూసుకున్నోడు ట్రాలీ ట్రాలీకి ఎనక్కి తిరిగి పక్కోణ్ణి చూసుకుంటాడు రా. చూళ్ళేదంటే మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు. అది నీకు చెప్పలేదా నేను?"

"చెప్పలేదు."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "చెప్పాల్సింది" అన్నాడు.

ఆ సాయంత్రమే రెండో బండి నడిపినవాడికి ఫోన్ చేశాను. పత్తి సంగతి చెప్పాను. అటువైపు టీవీ మోగుతోంది. ఎవరో దాన్ని ఆపారు.

"రెండు చెవులల్లనా?"

"రెండిట్లోనూ."

"ఎప్పుడు తీసినవన్నా?"

"పోస్టు కాడికి పోయినాక."

అతనే అన్నాడు: "నాకు యాదికున్నది చెప్పనా? కొడ్తనే ఉన్న. మెల్లగ హారన్ చప్పుడు బందయింది. బ్యాటరీ పోయిందో, నా వేలు మొద్దుబారిందో తెల్వలే. వేలే ఒత్తుతలేదేమో అనుకొని ఇంకా గట్టిగ ఒత్తిన."

"ఉంటనన్నా" అని పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు.

బండ్లవాళ్ళు వచ్చి గాలి గురించి అడిగితే షీల్డ్ ఎత్తు చెబుతాను, కింద సందు చెబుతాను, జాకెట్టు బిగించమంటాను. చెవుల్లో ఏదైనా పెట్టుకుంటే రాయి రాయికీ వెనక్కి తిరిగి చూడమంటాను. వాళ్ళు తల ఊపుతారు, ఫోన్‌లో రాసుకుంటారు.

వాళ్ళకు చెప్పనిది ఒకటి ఉంది. పదిహేడో రాయి దాటాక నేను జీపు దిగి పరిగెత్తాను. ఎడమ చేతి గ్లవ్ మంచు మీద పడి ఉంది. పడి ఉన్న తీరులో లావు గ్లవ్‌తో బటన్ నొక్కడం కుదరక తీసేశాడు. బండి చల్లారిపోయింది. బ్యాటరీ చచ్చిపోయింది. చప్పుడు లేదు. తెల్లగా మారిన బొటనవేలు హారన్ బటన్ మీద ఉంది. తియ్యబోయాను, రాలేదు. అతను ఇంకా నొక్కుతూనే ఉన్నాడు.