చేయి యాడ ఆగుతాంది?

జీన్స్ గుడ్డ కట్ట విప్పితే గంజి, నీలిరంగు కలిసిన ఘాటు వాసన ఒకటి వస్తుంది. మొన్న మా కుట్టు యూనిట్ వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పుతుంటే, వేదిక వెనక పేర్చిన కట్టల నుంచి ఆ వాసనే ముక్కుకు తగిలింది. మైకులో ఓనరు కొడుకు చెబుతున్నాడు: "తిప్పేస్వామి కాలంలో పనోళ్లను నెత్తికెక్కించుకొని యూనిట్ మునిగేకాడికి వచ్చింది. నరసింహులు సారు గట్టిగా పట్టుకున్నాడు కాబట్టి నిలబడింది." అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కింద నాకు చెమటలు పట్టాయి. ఆ మాట పచ్చి అబద్ధం. అది అబద్ధమని అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే. ఎవరికి కోపం వచ్చినా సరే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. వానలు మొహం చాటేసి చేలో వేరుశనగ మాడిపోతే, గుమ్మఘట్ట వైపు ఆడవాళ్లు పొద్దున్నే బస్సెక్కి రాయదుర్గం వచ్చి మా యూనిట్లో మిషన్ల ముందు కూర్చునేవారు. నేను లైను సూపర్‌వైజర్ని. అరవడమే నా ఉద్యోగం అనుకునేవాణ్ణి. అప్పుడు బళ్లారి వైపు నుంచి తిప్పేస్వామి మేనేజరుగా వచ్చారు. బక్కపలచని మనిషి. వారం తిరక్కుండానే అందరికీ తిప్పన్న అయిపోయారు. పొట్టి చెక్క స్టూలు ఒకటి చంకలో పెట్టుకొని తిరిగేవారు. పని వెనకబడిన మనిషి పక్కన దాన్ని వేసుకొని కూర్చొని, పది ప్యాంట్లు అయ్యేదాకా నోరు మెదపకుండా చూసేవారు. తరువాత ఒకే ప్రశ్న: "చేయి యాడ ఆగుతాంది?" ఎందుకు ఆలస్యమని ఆయన ఎవరినీ అడగగా నేను వినలేదు. "ఈయప్ప మేనేజరా, చేయి చూసి జోస్యం చెప్పేటోడా?" అని నేను వెనక నుంచి నవ్వించేవాణ్ణి.

హనుమక్క అందరికంటే నిదానం. జేబులు కుట్టేది. ఆమెను తీసేయమని నేనే ఓనరుకు చెప్పాను. తిప్పన్న పది రోజులు గడువు అడిగి, స్టూలు ఆమె పక్కన వేశారు. పది ప్యాంట్లు అయ్యాక ఆయన అదే ప్రశ్న అడిగితే, ఆమె తల వంచుకొనే చెప్పింది.

"కత్తెర కాడ ఆగుతాంది సార్. నాది ఎడం చేతి వాటం. చిన్నప్పుడు ఎడం చేత్తో ముద్ద ఎత్తినానని మా నాయన వాత పెట్టినాడు. అప్పట్నుంచి నలుగుర్లో ఆ చెయ్యి ఎత్తను."

"సూదికి కుడీ ఎడమా ఏం తెలుసు తల్లీ? ఈడ ఎవరూ వాత పెట్టరు. ఎత్తు."

కత్తెర, గుడ్డల దొంతర ఆయనే ఎడమవైపుకు మార్చారు. మొదటి రోజంతా ఆమె దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూస్తూ కుట్టింది. గడువు ముగిసేసరికి లైనులో ఆమెను అందుకునేవాళ్లు లేరు.

నాకు సంతోషం కలగలేదు. కడుపు మండింది. అది కనిపెట్టి కాబోలు, తిప్పన్న ఒకరోజు టీ తాగుతూ అన్నారు: "నువ్వు అరిస్తే ఆమె నీ మొగం చూస్తాది నరసింహులూ, సూదిని చూడదు." నేను విన్నట్టు తలూపి, మళ్లీ వెళ్లి అరిచాను.

దసరాకు ముందు బెంగళూరు పంపాల్సిన సరుకు కుడుతున్నాం. వెనక జేబు ఎక్కడ రావాలో గుర్తు పెట్టడానికి సైజుకొక అట్ట ఉంటుంది. తొందరలో ముప్పై నాలుగు సైజుకు ముప్పై రెండు అట్ట ఇచ్చాను. కాసేపటికే హనుమక్క లేచి వచ్చింది.

"అన్నా, జేబులు దగ్గరదగ్గరగా వస్తాండాయి. అట్ట ఒకసారి చూడు."

"నువ్వు కుట్టేదానివా, నాకు నేర్పేదానివా? ఇచ్చింది కుట్టు పో."

వెళ్లి కుట్టింది. లాటు మొత్తం తిరిగొచ్చింది.

ఓనరు ప్యాంట్లు నేల మీద కుప్ప పోయించాడు. "ఏమప్పా, ఇదేనా నువ్వు నేర్పిన పని? పక్కన కూర్చొని ముద్దు చేస్తే ఇట్లే అయితాది. ముందు ఆ ఎడం చేతి దాన్ని బయటికి పంపు!"

తిప్పన్న ఒక ప్యాంటు మీద అట్ట పెట్టి చూశారు. అట్ట మీది అంకె చూశారు. అట్టలు ఇచ్చేది నేనని ఆయనకు తెలుసు. నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు: "యాడ ఆగింది నరసింహులూ?"

అందరి దగ్గరా ఎదురుచూసినట్టే నా దగ్గరా ఎదురుచూశారు. హనుమక్క నా వైపే చూస్తోంది. ఒక్క మాట చెబితే చాలు. ఉద్యోగం పోతుందని భయపడి నేల చూపులు చూశాను. ఆయన ఓనరు వైపు తిరిగారు.

"కుట్టినోళ్ల తప్పు లేదు సార్. అట్ట తప్పు. ఈ ఫ్లోరు నాది. ఆమెను పంపాలంటే ముందు నన్ను పంపు."

ఆయననే పంపేశారు. పోతూ పోతూ నాతో, "స్టూలు ఈడే పెట్టి పోతాండా. అరిచి అరిచి అలిసినప్పుడు కూర్చో," అన్నారు. ఎగతాళి లేదు, కోపమూ లేదు. మరుసటి వారం ఆయన కుర్చీ నాకిచ్చారు. అంతవరకు అన్నా అని పిలిచిన హనుమక్క ఆ రోజు నుంచి సార్ అంది.

ఆ స్టూలు మీద కూర్చోవడానికి నాకు ఏడాది పట్టింది. కూర్చున్నాక అరవలేదు. లైను నిలబడింది అందుకే. నా గట్టితనం అని మీరు చప్పట్లు కొట్టినదంతా ఆయన మెత్తదనం. దానివల్ల యూనిట్ మునిగేదన్నవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి నా ముందు అనమనండి. బళ్లారి వెళ్లి రెండుసార్లు వెతికాను. ఇల్లు మారారన్నారు.

ఈ కాగితాలు మొదట హనుమక్కకు ఇచ్చాను. ఇప్పుడు రెండు లైన్లు ఆమె చేతి కింద ఉన్నాయి. నిలబడే చదివి, మడిచి, ఎడం చేత్తో నాకు తిరిగిచ్చింది.

"ఇన్నేండ్లు యాడ ఆగింది అన్నా?"

"గొంతులోనే అమ్మా."

నిన్న శాలువా మడతపెట్టి, ఈ కాగితాల నకలుతో పాటు ఓనరు కొడుకు బల్ల మీద పెట్టి వచ్చాను. స్టూలు మాత్రం ఎవరడిగినా ఇవ్వను.