ఎవరికైనా తట్టే ఆలోచన

విచారణ రోజు ఉదయం లిఫ్టులో బావ, బావమరిది ఎదురుపడ్డారు. ఎదురెదురు ఫ్లాట్లు, తప్పలేదు. కిందికి దిగేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వెళ్లేది ఒక్క చోటికే అయినా ఎవరి కారు వాళ్లు ఎక్కారు.

బావ సర్క్యూట్లు గీసే ఇంజనీరు. ఆయన పేరున ఉన్నది ఒకే ఒక్క పేటెంటు. రెండు చిప్‌లు మాట్లాడుకోవాలంటే రెండింటి గడియారాలూ కలిసి నడవాలి. వచ్చే సంకేతాన్ని బట్టి వినే చిప్ తన వేగం సరిదిద్దుకుంటుంది. సంకేతం కాసేపు ఆగిందా, కంగారుగా వెతుక్కుని దారి తప్పుతుంది. అలాంటప్పుడు వెతకడం మానేసి, చివరిసారి కుదిరిన వేగంతోనే నడవాలన్నాడు బావ. ఆయన కనిపెట్టింది అంతే. ఆ తేలికే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. రెండు పాత వ్యాసాలు పక్కపక్కన పెట్టి చదివితే ఈ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే, దీనికి పేటెంటేమిటి, రద్దు చేయండని పోటీ కంపెనీ కేసు వేసింది. రద్దయితే ఆయన విభాగానికి తాళమేనని సొంత యాజమాన్యం మొహమాటం లేకుండా చెప్పేసింది.

పోటీ కంపెనీ తెచ్చుకున్న నిపుణుడే బావమరిది. ఒకప్పుడు బావ పక్క కుర్చీలో పనిచేశాడు. పేటెంటులో తన పేరు లేదని ఉద్యోగం మానేసి, అక్కతో కూడా మాటలు మానేశాడు.

"వాడు నా తోడబుట్టినవాడే. అయినా ఇవాళ వాడి నోరు పడిపోతే బాగుండు," అంది బావ భార్య ఆ ఉదయం గుమ్మంలో, బయల్దేరుతూ చెప్పులేసుకుంటున్న మొగుడితో.

కోర్టులో మధ్యాహ్నం దాకా బావమరిది ఆ రెండు వ్యాసాలనూ వల్లె వేసినట్టు అప్పజెప్పాడు. బావ తరఫు లాయరమ్మ లేచి, మీ బావగారు ఈ ఆలోచన మొదటిసారి చెప్పినప్పుడు మీకు పాత సంగతే అనిపించి ఉండాలి కదా అని మెత్తగా అడిగింది. అవునని కూర్చుంటే సరిపోయేది. ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మంట ఊరుకోనివ్వలేదు.

"పాత సంగతా? చెప్తే గదంతా నవ్వింది. ఇది పనిచెయ్యదు, నీకేమైనా పిచ్చా అని మొహం మీదే అన్నాను. మొండితనంతో చేశాడు తప్ప ఆయనకంత బుర్రెక్కడిది?"

"నవ్విన వాళ్లంతా ఈ పని తెలిసిన వాళ్లేనా?"

"మాకంటే తెలిసిన వాళ్లెవరున్నారండీ?"

పోటీ కంపెనీ లాయరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు. ఎవరికైనా తట్టేదే అని చెప్పడానికి తెచ్చిన సాక్షి, తెలిసిన వాళ్లెవరికీ తట్టలేదని, చెప్తే నవ్వారని ఒప్పుకున్నాడు. బావమరిదికి ఆ సంగతి ఇంకా ఎక్కలేదు. బావను నలుగురిలో కడిగేశానన్న తృప్తితో కూర్చున్నాడు. బావకు మాత్రం గెలుపు కంటే ముందు ఆనాటి నవ్వే గుర్తొచ్చి ఒళ్లు మండింది.

వరండాలో బావమరిది అడ్డం వచ్చాడు. అప్పటికి అతని లాయరు నాలుగు చీవాట్లు పెట్టినట్టున్నాడు.

"నీకు సాయం చేద్దామని అనలేదు బావా."

"తెలుసురా. నీకంత మంచితనం ఎక్కడ ఏడ్చింది?"

పేటెంటు నిలిచింది. తీర్పులో బావమరిది మాటలు పొల్లుపోకుండా ఎత్తి రాశారు. పోటీ కంపెనీ అప్పీలుకు వెళ్లింది. బావమరిది ఫ్లాటు అమ్మకానికి పెట్టాడు.