ఆగని ప్రోగ్రాం

నాకు అక్షరాలు పదిహేడో ఏట వచ్చాయి. అంతకు ముందు కొత్తపేట దగ్గర కొబ్బరికాయలు ఒలిచేవాణ్ణి. ఎవరైనా కాగితం చేతికిస్తే, ‘‘కళ్ళు మసగ్గా ఉన్నాయండి, మీరే చదవండి’’ అనేవాణ్ణి. పదిహేనేళ్ళవాడికి మసకేమిటని ఎవరూ అడగలేదు. మంచితనంతో అడగలేదని నేననుకోను. వాళ్ళలో సగంమందికి చదువు రాదు.

తర్వాత పదో తరగతి ప్రైవేటుగా కట్టి, ఇంటర్ గట్టెక్కి, డిగ్రీలో చేరేసరికి ఇరవై ఏడు దాటాయి. మొక్కల్ని చూస్తే భయం లేదు, లెక్కల్ని చూస్తే ఉంది. అందుకని బోటనీ, జువాలజీ తీసుకున్నాను. క్లాసులో పిల్లలు నన్ను బాబాయ్ గారూ అనేవారు. లెక్చరర్లలో ఇద్దరు నాకంటే చిన్నవాళ్ళు.

డిగ్రీ చేతికొచ్చేసరికి అవి తొంభైల చివరి సంవత్సరాలు. ఏ ఉద్యోగానికి వెళ్ళినా కంప్యూటర్ సర్టిఫికెట్ అడిగేవారు. ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ ల్యాబ్ అసిస్టెంట్ పని ఖాళీగా ఉందంటే వెళ్ళాను. ‘‘కంప్యూటర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, పని మీదే. తేలేకపోతే మీకన్నా చిన్నవాళ్ళు బోల్డుమంది తిరుగుతున్నారు’’ అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ కాలేజీలో అప్పటికి ఒక్క కంప్యూటర్ కూడా లేదు. అయినా నాకు వేరే దారి లేదు. సర్టిఫికెట్ రాకపోతే మళ్ళీ కాయలు ఒలవాల్సిందే. నా కుడి భుజం అప్పటికే పైకి లేవడం మానేసింది.

కొత్తపేటలో ఎరువుల కొట్టు పైన కంప్యూటర్ సెంటర్ ఉండేది. చెప్పులు మెట్ల దగ్గర విడిచి వెళ్ళాలి. లోపల నాలుగు కంప్యూటర్లు, ఒక్కోదాని నెత్తిన ఒక ప్లాస్టిక్ గులాబీ. నేర్పేది లెక్కల్లో డిగ్రీ చేసిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి. అందరం మేడం గారనే పిలిచేవాళ్ళం.

‘‘బైపీసీయాండీ? ప్రోగ్రామింగంటే కొంచెం కష్టమండి.’’

‘‘ఆయ్. కష్టమేనండి. చెప్పండి.’’

పక్క కుర్రాడు ఊరుకోలేదు. ‘‘బాబాయ్ గారూ, కప్పని కోసినట్టు దీన్ని కోసెయ్యకండేం, షాక్ కొడద్ది.’’

ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుని ఒక్కో వేలితో కొట్టేవాణ్ణి. మిగతావాళ్ళు పది వరసలు రాసేలోపు నావి రెండు. అయితే ‘ఇది నిజమైతే అటు వెళ్ళు, కాకపోతే ఇటు వెళ్ళు’ అని యంత్రానికి చెప్పే వరస వచ్చినప్పుడు మాత్రం తడబడలేదు. బోటనీలో మేం మొక్క పేరు పట్టుకునేది సరిగ్గా అలాగే. ఆకు ఈనెలు సమాంతరంగా ఉన్నాయా? ఉంటే ఈ ప్రశ్నకు వెళ్ళు, లేకపోతే ఆ ప్రశ్నకు. అలా వెళ్ళగా వెళ్ళగా చివరికి ఒక పేరు తేలుతుంది. అందుకని పరీక్ష ప్రోగ్రాంగా చేలగట్ల మీద దొరికే పన్నెండు మొక్కల్ని గుర్తుపట్టేది రాశాను. మేడం గారు గన్నేరు ఆకు, తుంగ, గరిక పెట్టి చూశారు. మూడూ సరిగ్గా చెప్పింది.

పరీక్షకి అమలాపురం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నేను తెచ్చిన ఆకుల వంక చూడలేదు. కంప్యూటర్ మీది ప్లాస్టిక్ గులాబీ తీసి ముందు పెట్టుకున్నారు. ప్రోగ్రాం అడిగినవాటికి జవాబులు కొట్టుకుంటూ పోయారు. చివర ఒక పేరు వచ్చింది. ‘సరిపోయిందా?’ అని అడిగింది. కాదని కొట్టారు. మళ్ళీ మొదటి ప్రశ్న వచ్చింది. మళ్ళీ కొట్టారు. మూడోసారీ అంతే.

‘‘ఏంటండీ ఇది, గానుగెద్దులా తిప్పుతున్నారు నన్ను?’’

‘‘పేరు సరిపోకపోతే చూపులో తప్పుందన్నట్టండి. మొదటికొచ్చి మళ్ళీ చూడాలండి. మా బోటనీ సార్ అలాగే చెప్పేరండి.’’

‘‘ఎన్నిసార్లు చూడాలి?’’

‘‘తెలిసేదాకానండి.’’

‘‘ఎప్పటికీ తెలియకపోతే?’’

వెనక కుర్రాళ్ళు నవ్వారు. మేడం గారు నవ్వలేదు. ఆవిడకీ ఇది తట్టలేదు, అందుకు.

‘‘కిందికెళ్ళి టీ తాగొస్తాను. వచ్చేసరికి ఇది ఆగాలి. ఆగకపోతే వచ్చే బ్యాచ్‌తో రాద్దురుగాని’’ అని ఆయన మెట్లు దిగారు. వచ్చే బ్యాచ్ పరీక్ష ఆరునెలల తర్వాత. ప్రిన్సిపాల్ గారు అన్నాళ్ళు ఆగరు.

ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి మూడోసారికి ప్రోగ్రాంని ఆ తిరుగుడులోంచి బయటికి పంపడం నాకు తెలుసు. నాలుగు వరసల పని. అవి రాసేశాను. బయటికొచ్చాక తెరమీద ఏం చూపించాలన్న దగ్గర వేలు ఆగింది. ‘ఆకు పాడైంది’ అని పెడదామనుకున్నాను. ‘మీ జవాబులు తప్పు’ అని కొట్టి చెరిపేశాను. మసక కళ్ళవాడి అలవాటు అంత త్వరగా పోదు. కింద టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. మేడం గారు నా కుర్చీ వెనక నిలబడి, ‘‘ఏదో ఒకటి పెట్టెయ్యండి, వచ్చేస్తున్నారు’’ అన్నారు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాను. ‘నాకు తెలియదు’ అని.

ఆయన వచ్చి గులాబీని మళ్ళీ ముందు పెట్టుకున్నారు. మూడుసార్లూ ఓపిగ్గా జవాబులు కొట్టారు. తెరమీద ఆ రెండు మాటలు వచ్చి, ప్రోగ్రాం ఆగింది. ఆయన చదివి, గులాబీని కంప్యూటర్ మీద పెట్టేసి, కాగితం మీద సంతకం చేశారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

వారం తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని కాలేజీకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు దాన్ని తిరగేసి చూశారు.

‘‘కంప్యూటర్ అంతా వచ్చేసినట్టేనా?’’

‘‘కొంచెం వచ్చండి. మిగతాది తెలియదండి.’’

‘‘సరే. సోమవారం నుంచి రండి. ముందు ఆ మైక్రోస్కోపులు తుడవండి, బూజు పట్టి ఉన్నాయి.’’