ఎప్పుడొస్తావని అడిగినందుకు

మా సరంగు తాత పోయాడన్న కబురు నాకు బస్సులో తెలిసింది. తగరపువలస కాలేజీలో పాఠం చెప్పడానికి వెళ్తున్నాను. ఫోన్లో అమ్మ. "తాత మరి లేడే" అంది. వెనక ఏడుపులు వినిపిస్తున్నాయి. కండక్టర్ రెండుసార్లు టికెట్ అడిగాడు. ఎక్కడికని చెప్పాలో నాకు తోచలేదు. తర్వాతి స్టాపులో దిగిపోయి, రోడ్డు దాటి, రేవు వైపు వెళ్ళే బస్సెక్కాను.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండడు. పేపర్లో పడే మనిషి కాదు. మాకు చుట్టం కూడా కాదు. చేపల రేవు దగ్గర మా వీధిలో ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ, అంతే. సరంగు అంటే పడవ నడిపే మనిషి. చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది, పడవ మీద ఉన్న ప్రాణాలకు జవాబూ ఆయనే చెప్పాలి. మా నాన్న ఆ పడవలోనే కలాసీగా వల లాగేవాడు. ఒకసారి తాడు తెగి కాలు నుజ్జయ్యాక నాన్న ఒడ్డున కూర్చుండిపోయాడు. అమ్మ చేపల గంప ఎత్తుకుంది. అప్పట్నుంచీ తాత రోజూ సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని, టీ సాసర్లో పోసుకుని తాగి వెళ్ళేవాడు. ఓదార్పు మాటలు ఎప్పుడూ చెప్పలేదు. వచ్చేవాడు, కూర్చునేవాడు.

ఆయనకో అలవాటుండేది. ఎక్కడికెళ్ళినా పెదాలు కదుపుతూ తలకాయలు లెక్కపెట్టేవాడు. పెళ్ళి భోజనాల్లో, షేర్ ఆటోలో, సింహాచలం మెట్ల మీద కూడా. "ఎంతమందిని తీసుకెల్లినామో అంతమందినీ దింపాల గదా" అనేవాడు. ఆటోలో వాళ్ళు మనకేమవుతారు తాతా అని నేను వెక్కిరిస్తే, "లెక్కెట్టీసినాక మనోల్లే" అనేవాడు.

నా చదువు ఆయన చేతుల్లోనే మొదలైందని చెప్పాలి. గొరక చేప తలలో, చెవుల దగ్గర, తెల్లటి రాయి ఉంటుంది. మా వీధి పిల్లలం వాటితో ఆడుకునేవాళ్ళం. ఒకరోజు తాత ఆ రాయిని అరుగు మీద అరగదీసి, ఎండకి ఎత్తి చూపించాడు. లోపల సన్నటి గీతలు. "ఇది సేప వొయసు. మనకి బడిలో రాసినట్టు దానికి తల్లోనే రాసీసుంటాది" అన్నాడు. పదేళ్ళ తర్వాత యూనివర్సిటీలో మైక్రోస్కోపు కింద అవే గీతలు చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఆ రాళ్ళ మీద నేను చేసిన పని చూసి నార్వేలో ఒక సముద్ర పరిశోధనశాల ఆరు వారాలు వచ్చి నేర్చుకోమని రాసింది. ఉండటం, తినడం వాళ్ళదే. వీసా, విమానం ఖర్చు మాత్రం మాది. అమ్మ చెవుల కమ్మలతో వీసా పనైంది. టికెట్ మిగిలింది. ఫలానా శనివారంలోగా టికెట్ కాపీ పంపాలి, లేకపోతే నా చోటు తర్వాతి వాళ్ళకి ఇస్తారు.

బ్యాంకులో ఆరు వారాలదాన్ని చదువనరు, లోనివ్వం అన్నారు. గాజువాకలో ఉండే మేనమామ టీ ఇప్పించి, క్రికెట్ గురించి మాట్లాడి పంపేశాడు. అన్నిటికంటే ఘోరం, అది వేట నిషేధం నడుస్తున్న కాలం. వేసవిలో రెండు నెలలు చేపలు గుడ్లు పెట్టుకోవాలని పడవలన్నీ రేవులో కట్టేసి ఉంటాయి. మా వీధిలో ఎవరి చేతిలోనూ చిల్లిగవ్వ ఆడదు. చేపలు గుడ్లు ఎప్పుడు పెడతాయో పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఆ రెండు నెలలనీ రోజూ తిట్టుకున్నాను.

తాత అప్పటికి మూడేళ్ళుగా సముద్రం మీదకి వెళ్ళడం లేదు. కళ్ళకి ఆపరేషన్ అయింది. ఒక సాయంత్రం టీ తాగి సాసర్ బోర్లించి, "నిసేదం ఎత్తీగానే నాను ఎల్తన్నాను" అన్నాడు. నాన్న ఉలిక్కిపడ్డాడు.

"ఈ కల్లతోనా మావా?"

"కల్లతో ఏటి పని? సరంగుకి రెండు వాటాలు. ఒకటి ఇంట్లోకి, ఒకటి గుంటకి."

గుంట అంటే నేనే. వద్దని నేను అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అనలేదు. నాకు వెళ్ళాలని ఉంది. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పడవలు బయల్దేరిన రోజు రేవంతా జాతరలా ఉంది. ముందుభాగానికి పసుపూ కుంకుమా, కొబ్బరికాయలు, నిమ్మకాయలు. మాలో ఒక పద్ధతుంది. సముద్రం మీదకి వెళ్ళే మనిషిని ఎప్పుడొస్తావని అడగకూడదు. భార్య అడగదు, తల్లి అడగదు. మాటలు రాని వయసు నుంచీ మాకది తెలుసు. నాకూ తెలుసు. కానీ నా బుర్రలో శనివారం తప్ప ఇంకేమీ లేదు. ఇంజను మోగింది, తాడు విప్పారు, నేను జెట్టీ అంచు నుంచి అరిచాను.

"తాతా, ఎప్పుడొస్తావ్?"

అమ్మ నా నోరు మూసింది. అప్పటికే ఆలస్యమైంది. పడవలో ఎనిమిది మందీ, ఒడ్డున వాళ్ళ ఆడవాళ్ళూ ఒక్కసారి నా వైపు తిరిగారు. తాత మాత్రం చుక్కాని దగ్గర్నుంచి నవ్వి, "నువ్వెల్లి సదువుకో. నానొచ్చేత్తాను" అన్నాడు. పడవ కాలువ నోరు దాటేదాకా ఆయన వెనక్కి చూడడు. దాటాక ఒక్కసారి తువ్వాలు పైకెత్తుతాడు. ఆ రోజూ ఎత్తాడు.

మూడో రోజుకి అల్పపీడనం అన్నారు. డాల్ఫిన్ కొండ మీద మబ్బు దిగిపోయింది. తక్కిన పడవలు ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. మాది రాలేదు. వైర్‌లెస్‌లో పలకడం లేదు. జెట్టీ మీద ఎనిమిది కుటుంబాల ఆడవాళ్ళు కూర్చుని ఉంటే, నేను వాళ్ళకి కాస్త ఎడంగా కూర్చునేదాన్ని. ఎవరూ తిట్టలేదు. ఒక్కావిడ మాత్రం, ఆవిడ కొడుకు ఆ పడవలో ఉన్నాడు, నా పక్కకొచ్చి మెల్లగా అంది. "అడిగీసినావు గదే అమ్మా." నేను సైన్సు చదివినదాన్ని. మాటకి గాలివాన రాదని నాకు తెలుసు. తెలిసినా ఆ రాత్రి నుంచి అన్నం మింగుడు పడలేదు.

శుక్రవారం పొద్దున్న ఇంకో పడవ సరంగు మా ఇంటికొచ్చాడు. చేతిలో గుడ్డమూట. నాన్న ముందు పెట్టాడు.

"ఏటి బావా ఇది?"

"గుంట వాటా. ఎల్లేముందు పెద్దాయన మా అయిదు పడవలోల్లకీ సెప్పీసినాడు. శుక్కురారానికి నాను రాపోతే పిల్ల టిక్కెట్టుకి తలో వాటా తీయండిరా అని. తీసినాం. ఇదిగో."

అంటే తాత తాను రాకపోవచ్చని లెక్క వేసుకునే వెళ్ళాడు. ఆ మూటలో నా టికెట్ ఉంది. అది ముట్టుకుంటే ఆయన రాడని ఒప్పుకున్నట్టే. నేను గోడకి ఆనుకుని, "తీసుకెళ్ళిపో మావా" అన్నాను.

అమ్మకి కోపం ముంచుకొచ్చింది. "రేపటితో అయిపోద్ది గదే! ఆయన పంపింది ఒగ్గీత్తావేటి?"

"తాత వస్తాడు. వచ్చాక తీస్తాను."

"రాపోతే?"

ఆ మాట అనేసి అమ్మ తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూట నేల మీదే ఉండిపోయింది. శనివారం అంతా నేను జెట్టీ మీదే ఉన్నాను. నార్వే పోయింది. నాకు బాధ కూడా వేయలేదు. ఎనిమిది తలకాయలు కనిపిస్తే చాలు, ఇంకేమీ అడగను అని సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాను.

ఆదివారం తెల్లవారాక వచ్చారు. ఇంజను చెడిపోతే ఇంకో పడవ లాక్కొచ్చింది. ఐసు కరిగి పట్టిన చేప సగం పాడైంది. తాత అందరికంటే చివర, నిచ్చెన దగ్గర నిలబడి, జెట్టీ మీదకి ఎక్కేవాళ్ళని పెదాలు కదుపుతూ లెక్కపెట్టి, ఎనిమిదో మనిషిగా తను ఎక్కాడు. కళ్ళు ఉప్పునీళ్ళకి ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి మొదట అడిగింది ఒకటే.

"టిక్కెట్టు తీసినావా?"

లేదన్నాను. ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఒడ్డునున్నోల్లు పని మానేసి కూకుంటే నీటిమీదున్నోడికి బరువు గాదేటి? నానక్కడ నువ్వు టిక్కెట్టు తీసీసుంటావులే అనుకుని దైర్నంగా ఉన్నాను గదే!"

ఆ పూటే నార్వే వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు మెయిల్ రాశాను. పడవ, గాలివాన, అన్నీ. సోమవారం మధ్యాహ్నం దాకా ఆగుతామని జవాబొచ్చింది. తాత ఒళ్ళు నొప్పులతోనే నాతో గాజువాక టికెట్ల షాపుకి వచ్చాడు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేపల వాసనకి షాపతను ఏసీ ఆపి తలుపులు తీసేశాడు. టికెట్ కాగితం చేతికొచ్చాక తాత దాన్ని తిరగేసి మరగేసి చూసి, "ఒకర్తివే. లెక్కెట్టుకోడం సులువు" అన్నాడు.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. నేను అడిగినందుకే ఇలా జరిగిందా తాతా అని ఏడ్చాను. ఆయన తువ్వాలుతో నా ముఖం తుడిచాడు. తర్వాత చెప్పాడు.

"అలలు పడవలోకి వొచ్చీసినప్పుడు కుర్రోల్లు దైర్నం ఒదిలీసినారు. నానేటన్నానో తెల్సా? ఒరే, గుంట ఎప్పుడొత్తావని అడిగింది, మనం ఇంకా జవాబు సెప్పలేదురా అన్నాను. నవ్వీసినారు. నవ్వి నీల్లు తోడీసినారు. ఇన్నేల్లలో నన్నెవులూ అల్లగ అడగలేదే."

నేను నార్వే వెళ్ళాను, వచ్చాను, ఆ నేర్చుకున్నదానితోనే ఈరోజు ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ ఒక పడవని ఆడమనిషి నడుపుతుందని చెబితే తాత వారం రోజులు వీధంతా చాటాడు. ఆ అయిదు పడవల వాళ్ళకీ ఆయన రెండేళ్ళపాటు కూలి తీసుకోకుండా వలలు బాగుచేసి పెట్టాడట. ఆ కళ్ళతో. ఈ సంగతి నాకు ఆయన శవం దగ్గరే తెలిసింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ బాకీ నేనే తీర్చేదాన్ని కదా అని కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు ఊపిరి ఆడక అంబులెన్సు పిలిచారు. స్ట్రెచర్ ఎక్కిస్తుంటే ఆయన మా అందరినీ లెక్కపెడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. తలుపు వేయబోతుంటే ఆయన మునిమనవరాలు, ఆరేళ్ళది, అరిచింది. "తాతా, ఎప్పుడొత్తావ్?" వీధి మొత్తం గతుక్కుమంది. తాత మాస్కు పక్కకి జరిపి, "నువ్వెల్లి సదువుకో. నానొచ్చేత్తాను" అన్నాడు.

ఈసారి రాలేదు.

పెద్దదినం కార్యం మర్నాడు ఆ పిల్ల నా పక్కన కూర్చుని అడిగింది. "నానడిగీసేనని తాత రాలేదా అక్కా?" జెట్టీ మీద ఎడంగా కూర్చున్న ఆ రోజులు నాకు గుర్తొచ్చాయి. తాత బస్సులో నాతో చెప్పిందంతా దానికి చెప్పాను. కానీ నేనడిగినప్పుడు ఆయన తిరిగొచ్చాడు. అది అడిగినప్పుడు రాలేదు. ఆ తేడాకి నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను. అది నా కొంగు పట్టుకుంది.

సోమవారం తాత పడవ మళ్ళీ వేటకి బయల్దేరింది. ఆరోజు ఆ గాలివానలో నీళ్ళు తోడిన కుర్రాడే ఇప్పుడు సరంగు. పిల్లని తీసుకుని జెట్టీకి వెళ్ళాను. తాడు విప్పారు. అది నా ముఖంలోకి చూసింది. నేను దాని నోరు మూయలేదు.

"బావా, ఎప్పుడొత్తారు?"

చుట్టూ ఆడవాళ్ళు బిగుసుకుపోయారు. పడవ కొంచెం దూరం పోయింది. ఇంజను చప్పుడు మీదుగా గొంతు వినిపించింది.

"లచ్చివారం!" అంటే గురువారం.

పడవ కాలువ నోరు దాటింది. అతను వెనక్కి తిరిగి తువ్వాలు ఎత్తాడు. పిల్లా నేనూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టాం. ఎనిమిది.

ఇది రాస్తున్నది బుధవారం.