లంక పిల్లాడి చేతిలో శ్రీ

తరవాణి కుండ మూత తీయగానే గుప్పుమనే ఆ చల్లని పుల్లని వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఈనాటికీ వీధి బడి గుర్తొస్తుంది. గంజికీ చదువుకీ ఏమిటత్తయ్యా సంబంధం అని మా మేనకోడలు నవ్వుతుంది. ఉందని నేను వాదిస్తాను. వాదించడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు. తెలతెలవారకుండానే మా నాయనమ్మ నన్ను లేపి, ఆ కుండలోని అన్నంలో ఉప్పుకల్లు వేసి, దబ్బాకు నలిపి, ఒక్కొక్క ముద్దే నా చేతిలో పెడుతూ, "తొందరగా మింగవే, ఎవరో ఒకరు నీకంటే ముందెళ్ళిపోతారు" అని తరిమేది. వానాకాలంలో తాటాకు గొడుగు కింద, చలికాలంలో నాన్న పాత ఉత్తరీయం చెవులమీదుగా చుట్టుకుని, కొబ్బరితోటల మధ్య బురద దారిన పరిగెత్తేదాన్ని.

ఆ పరుగు ఊరికే కాదు. మా కాలపు బళ్ళలో పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులుగారు బెత్తం కొనతో శ్రీ రాసేవారు. రెండోవాడికి చుక్క పెట్టేవారు. ఆ తరవాత వచ్చినవాళ్ళకి అదే బెత్తంతో దెబ్బలు. వెనకబడిన కొద్దీ పెరుగుతూ పోయేవి. మా కామయ్య పంతులుగారి అరుగుమీద ఆడపిల్లని నేనొక్కదాన్నే. కరణంగారి కూతుర్ని కనక కాదనలేకపోయారు. చెడ్డవారు కారు. అక్షరాలు దిద్దే చిన్నపిల్లల వేళ్ళు ఒరుసుకుపోకుండా ఇసకని తనే జల్లించి పోసేవారు; దసరాలకి వెదురు విల్లంబులు తనే చెక్కి, రంగుకాగితాలు అంటించి, మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పి పప్పుబెల్లాలు పెట్టించేవారు. కాని తమ గురువు ఎలా చెప్పారో అలాగే చెప్పాలి, ఎలా కొట్టారో అలాగే కొట్టాలి అన్న పట్టు ఒకటి ఉండేది.

ఆ పట్టుకి రోజూ బలయ్యేవాడు సూరన్న. వశిష్ఠ గోదావరి నడుమ లంకలో వాళ్ళ ఇల్లు. రేవు పడవ నడిపే అప్పన్న, మా ఊరికి రావలసిన పాలకుండలన్నీ ఎక్కితే గాని గెడ వేసేవాడు కాదు. అందుకని సూరన్న ఎప్పుడూ ఆఖరే. అరచేతులు కమిలిపోయి పలుపు పట్టుకోలేక దూడని వదిలేస్తున్నాడని, దసరా వెళ్ళగానే బడి మాన్పించేస్తానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడు. సూరన్నకా, చదువంటే ప్రాణం. ఎక్కాలు మా అందరికంటే ముందు వాడికే వచ్చేవి.

ఒకనాడు వాడు చెయ్యి చాపుతుంటే నేను లేచి నిలబడ్డాను.

"పంతులుగారండీ, ఆలస్యమైంది పడవకి కదండీ. దెబ్బ సూరన్నకెందుకండీ?"

"పడవకి చెయ్యుందిటే, కొట్టడానికి?"

"ఆయ్, లేదండీ. అప్పన్నకుందండీ."

అరుగంతా ఘొల్లుమంది. సూరన్నతో పాటు నాకూ పడ్డాయి. ఇంటికెళ్తే నాయనమ్మ చేతికి వెన్న రాస్తూ, "గురువుగారిని అలా అడగొచ్చుటే?" అంది. తప్పు చేస్తేనో అన్నాను. "అప్పుడైనా నెమ్మదిగా అడగాలే తల్లీ" అంది. ఆ నెమ్మది నాకు ఇప్పటికీ రాలేదు.

ఆ వారంలోనే, లంకలో ఎవరింట్లోనో తద్దినానికి భోక్తగా వెళ్ళిన పంతులుగారు, పొద్దుపోయిందని అక్కడే ఉండిపోయారు. మర్నాడు మేమంతా వచ్చి కూచున్నాం. శ్రీ రాసేవారూ లేరు, కొట్టేవారూ లేరు. ఎండ అరుగెక్కిన తరవాత, పంచె అంచులకి బురదతో పంతులుగారూ, ఆయన వెనకాల తలొంచుకుని సూరన్నా వచ్చారు. నా నోరు ఊరుకుంటుందా?

"పంతులుగారండీ, ఇవాళ మీరే ఆఖరండీ."

ఆయన బెత్తం తీసి నా చేతిమీద ఒక్కటి వేశారు. "ఇది నీ నోటికి." తరవాత సూరన్నని దగ్గరికి పిలిచి, కమిలిన ఆ అరచెయ్యి విప్పి, నొప్పెట్టకుండా శ్రీ రాశారు.

"కోడి కూయకముందు నేను రేవుకెళ్తే, అప్పటికే ఇసకలో కూచునున్నాడర్రా వీడు. ఇకమీదట లంక పిల్లలకి రేవు దగ్గరే లెక్క. ఎవరు ముందొచ్చేరో అప్పన్న చెప్తాడు."

సూరన్న ఆ గుప్పిట సాయంత్రం దాకా విప్పలేదు. దసరా వెళ్ళింది, వాడు బడి మానలేదు. అడిగినందుకు దెబ్బా, అడిగింది న్యాయమైనందుకు మార్పూ, రెండూ ఒకే చేత్తో ఇచ్చిన అలాంటి గురువుని ఇంకొకర్ని నేను చూడలేదు. తరవాత పట్నంలో ఉపాధ్యాయినుల కళాశాలలో మర్యాదస్తులైన దొరసానులు చాలామంది పాఠాలు చెప్పారు. అడిగితే వాళ్ళు కొట్టనూ లేదు, మారనూ లేదు.

ఇప్పుడా అరుగు లేదు. వేకువ పరుగులు లేవు, అరచేతుల్లో శ్రీలు లేవు. గంట కొడితే పిల్లలొస్తారు, పట్టీలో పేరు పడుతుంది. నేను చెప్పే ఆడపిల్లల బడిలో అందరూ బుద్ధిమంతులే, అదే నా బాధ. గురువుని ప్రశ్నిస్తే చదువు చెడుతుందనే పెద్దలెవరైనా ఉంటే నా ముందుకి రమ్మనండి. మొన్న నా పాఠంలో లోపమేమిటో చెప్పండర్రా అని పట్టుబట్టాను. కాలి బొటనవేళ్ళు చూసుకుంటున్న పిల్లల్లోంచి ఒకతె లేచి, "ప్రశ్న మీరే అడిగేసి, జవాబు కూడా మీరే చెప్పేస్తారండీ" అంది. ఒళ్ళు మండింది. నిజం కనక మింగాను. నిన్న ఒక ప్రశ్న అడిగి, పళ్ళు బిగించి కూచున్నాను. ఎంత కష్టమో, నాలాంటిదానికి! చివరికి వెనక వరసలోంచి, ఇంతవరకూ నేను గొంతు కూడా ఎరగని పిల్ల ఒకతె, పరికిణీ సర్దుకుంటూ లేచి నిలబడింది.